గోల్ఫ్ సంచీ పక్కన బిందె

గోల్ఫ్ అనగానే మన కళ్ల ముందు ఒక బొమ్మ కదులుతుంది. తెల్ల టోపీ, తెల్ల బూట్లు, వెనకాలే సంచీ మోసుకొచ్చే కుర్రాడు, కనుచూపు మేరా పచ్చిక. పాత సినిమాల్లో కథానాయిక తండ్రి ఆడే ఆట అది. విశాఖపట్నంలో 1884లోనే గోల్ఫ్ క్లబ్బు పెట్టారు. హైదరాబాదులో గోల్కొండ కోటను ఆనుకుని ఉన్న నయాఖిల్లాలో ఆడుతున్నారు. అయినా మామూలు కుటుంబాలకు అది గోడ అవతలి ఆటే. ఇక అనంతపురం జిల్లా గుత్తి లాంటి ఊళ్లో ఆ ఊసే రాదు. ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల దాపు వాన పడే మెట్టనేల అది. శెనక్కాయ చేనుకే తడి అందని చోట, ఆట కోసం గడ్డికి నీళ్లు పెడతామంటే ఎవరైనా నవ్విపోతారు.

అలాంటి గుత్తి నుంచి వెళ్లిన రిటైర్డు రైల్వే ఫిట్టరు ఒకాయన 68 ఏళ్ల వయసులో, అమెరికాలో అడవి కొండల నడుమ ఉన్న గోల్ఫ్ మైదానంలో వేసవంతా తిరిగారు. ఆడారనడం కంటే తిరిగారనడమే సబబు. కానీ ఆ తిరుగుడులో ఆయన నేర్చుకున్నదీ, ఇంట్లోవాళ్లకు నేర్పిందీ ఆటకు మించినది.

కొడుకు ఉండేది నార్త్ కరోలినా రాష్ట్రంలోని ఆష్‌విల్ అనే ఊళ్లో. ఒక ఆసుపత్రిలో కంప్యూటర్ల పని. భార్య, ఏడేళ్ల కూతురు. తల్లి పోయి రెండేళ్లయింది. గుత్తిలో నాయన ఒక్కడే. పొద్దున్నే ఉగ్గాని అంగడి దాకా నడక, సాయంత్రం రైల్వే కాలనీ అరుగు మీద కబుర్లు, రాత్రికి చెల్లెలు పంపే ముద్ద. 'ఈసారి వచ్చినవాడివి ఇక్కడే ఉండిపో నాయనా' అని కొడుకు ప్రతి ఫోనులోనూ అడిగేవాడు. 'చూద్దాం లేప్పా' అనేవారాయన. 2024 జూన్‌లో విమానమెక్కినప్పుడూ అదే మాట.

అందరిదీ అయిన మైదానం

అమెరికాకు వెళ్లిన మన పెద్దలకు ఎదురయ్యే కష్టం ఏమిటో చాలా ఇళ్లకు తెలుసు. పగలంతా ఇల్లు ఖాళీ. మాట్లాడే మనిషి ఉండడు. నడిచి వెళ్లేందుకు అంగడి ఉండదు. వారం తిరిగేసరికి ఆయన కిటికీ దగ్గర కుర్చీకి అతుక్కుపోయారు. అది చూసి కొడుకు శనివారం తన వెంట గోల్ఫ్‌కు తీసుకెళ్లాడు.

'మనల్ని రానిస్తారా?' అన్నది ఆయన మొదటి ప్రశ్న.

రానిస్తారు. ఆష్‌విల్ మునిసిపల్ గోల్ఫ్ కోర్సు పేరులోనే ఉంది, అది ఊరిది. 1927లో తెరిచారు. సభ్యత్వం, సిఫారసు అక్కర్లేదు. రుసుము కడితే ఎవరైనా ఆడొచ్చు. దీన్ని గీసినాయన డోనాల్డ్ రాస్. స్కాట్లాండు నుంచి వలస వచ్చి అమెరికాలో వందల మైదానాలకు రూపమిచ్చిన మనిషి. ఆ రాష్ట్రంలోనే ఉన్న పేరుమోసిన పైన్‌హర్స్ట్ రెండో నంబరు మైదానమూ ఆయనదే. నల్లజాతివాళ్లకు చాలా గోల్ఫ్ క్లబ్బుల గడప తొక్కే వీల్లేని రోజుల్లో, 1960లో వాళ్లే మొదలుపెట్టుకున్న స్కైవ్యూ టోర్నమెంటుకు దశాబ్దాల తరబడి ఈ ఊరి మైదానమే వేదికైంది.

అసలు ఈ ఆట పుట్టిందే అలాంటి నేల మీద. స్కాట్లాండులో సముద్రపు ఒడ్డున సేద్యానికి పనికిరాని ఇసుక మిట్టల్లో గొర్రెలు మేసేవి. గొర్రెలు కొరికి కొరికి పొట్టి చేసిన గడ్డి మీద జనం బంతి కొట్టుకునేవాళ్లు. సెయింట్ ఆండ్రూస్‌లోని పాత మైదానం ఇప్పటికీ ఊరి ఉమ్మడి సొత్తే. గోడలు, గేట్లు తర్వాత వచ్చాయి. ఈ సంగతి కొడుకు చెబితే, 'అయితే మన గుట్ట కింద బీడు లాంటిదన్నమాట' అన్నారు తండ్రి. అప్పటినుంచీ ఆయనకు బెరుకు పోయింది.

ఆష్‌విల్ చుట్టూ బ్లూ రిడ్జ్ పర్వతాలు. పొద్దున పూట వాటి మీద నీలం పొగలా మంచు కమ్ముకుని ఉంటుంది. మైదానంలో ముందు తొమ్మిది గుంతలు స్వానొవా నది పక్కన చదునులో ఉంటాయి. అక్కడ ఆడినవాడికి ఇంతేనా అనిపిస్తుంది. వెనక తొమ్మిదికి వచ్చేసరికి అసలు బండారం బయటపడుతుంది. దారి కొండ వాలు ఎక్కుతుంది. రెండు పక్కలా ఓక్, పైన్, మేపుల్ చెట్లు గోడ కట్టినట్టు ఉంటాయి. పైకి కొట్టిన బంతి నాలుగడుగులు వెనక్కి దొర్లి వస్తుంది. కిందికి కొట్టింది ఆగమన్నా ఆగదు. కాస్త పక్కకు పోయిందా, అడవి మింగేస్తుంది. గుంత ఉండే నున్నటి పచ్చిక చిన్నది. దాని మీద పడ్డ బంతి, కొంచెం జోరుగా వచ్చినా అవతలికి జారిపోతుంది.

అందుకే ఆ మైదానం చూడ్డానికి ఎంత అందమో ఆడ్డానికి అంత మొండి.

అడుగు చూసుకోవాల

కొండను ఎక్కడానికి బ్యాటరీ బండి ఇస్తారు. ఆయన ఎక్కనన్నారు. 'గుట్ట ఎక్కేదానికి కారెందుకు రా?' అని ఏడో నంబరు కర్ర ఒకటి ఊతంగా పట్టుకుని నడిచారు. గుత్తిలో పుట్టి పెరిగిన కాళ్లు అవి.

గుత్తి కొండ సంగతి తెలియనివాళ్లకు రెండు మాటలు చెప్పాలి. చుట్టూ ఉన్న మైదానం నుంచి సుమారు 300 మీటర్లు లేచిన బండరాతి గుట్ట అది. దాని మీద కోట. గుట్టను చుట్టుకుంటూ గోడలు, ఒకటి దాటితే ఒకటి వచ్చే వాకిళ్లు, రాళ్లు లేచిన దారి. పెద్ద చెట్టు నీడ దొరకదు. ఎండ మాత్రం కావలసినంత. కొండ కొమ్మున ఒక చిన్న మంటపం ఉంది. దాన్ని మురారిరావు గద్దె అంటారు. మరాఠా సర్దారు మురారిరావు ఘోర్పడే అక్కడ కూర్చుని చదరంగం ఆడేవాడని చెబుతారు. కింద ఊరు, రైలు పట్టాలు, వాటికవతల ఎర్రనేల అంచు దాకా కనిపిస్తాయి. ఆటకు అంతకంటే అందమైన చోటు, అక్కడికి చేరడానికి అంతకంటే కష్టమైన దారీ ఆ చుట్టుపక్కల లేవు.

బడి ఎగ్గొట్టి ఆ గుట్ట మీద చిల్లకట్టె ఆడిన మనిషికి గోల్ఫ్ అర్థం కావడానికి ఎంతసేపు? చిల్లకట్టె అంటే కోస్తావాళ్ల బిళ్లంగోడు. 'కర్ర పెద్దది, బిళ్ల గుండ్రం, అంతేగా' అని తేల్చేశారాయన. మొదటి దెబ్బకు బంతి కదల్లేదు. రెండో దెబ్బకు మట్టి లేచింది. మూడోది తగిలింది. ఏడేళ్ల మనవరాలు చప్పట్లు కొట్టింది.

కానీ ఆయన అసలు ప్రతిభ బంతులు వెదకడంలో బయటపడింది. చిన్నప్పుడు గుట్టల్లో తప్పిపోయిన మేకలను వెదికిన కళ్లు. బంతి ఏ చెట్టుకు తగిలిందో చప్పుడు విని, ఎటు దొర్లి ఉంటుందో వాలు చూసి, నేరుగా వెళ్లి తీసేవారు. సాయంత్రానికి జేబుల నిండా బంతులు. వేరేవాళ్లు పోగొట్టుకున్నవి కూడా. ఎదురొచ్చిన వాళ్లకు ఇచ్చేసేవారు. నెల తిరిగేసరికి ఆ మైదానంలో ఆయన్ని పలకరించనివాళ్లు తక్కువ. భాష రాకపోయినా చెయ్యి ఊపడం వచ్చు కదా.

కొడుకు ఆట మాత్రం కుదిరేది కాదు. ఎత్తు మీది గుంత వైపు చూస్తూ, కోపంతో కొట్టేవాడు. బంతి అడవిలోకి పోయేది. ఒకరోజు వరసగా మూడు బంతులు పోయి, కర్ర నేలకేసి కొట్టాడు. తండ్రి కాసేపు ఊరుకుని అన్నారు.

'గుట్ట ఎక్కేటప్పుడు పైకి చూడకూడదప్పా. పైకి చూస్తే భయమేస్తాది. అడుగు చూసుకోవాల. గుంత యాడికీ పోదు, ఆడనే ఉంటాది.'

తల దించి బంతినే చూడమని గోల్ఫ్ నేర్పే గురువులు డబ్బు పుచ్చుకుని చెప్పే పాఠమూ అదే. ఆ కుటుంబానికి ఉచితంగా దొరికింది.

ఇళ్లలో గోల్ఫ్ మాట ఈమధ్య ఎక్కువైందంటే దానికీ కారణం ఉంది. కాలిఫోర్నియాలో పుట్టిన తెలుగు దంపతుల బిడ్డ సాహిత్ తీగల 2023 సెప్టెంబరులో నాపాలో జరిగిన ఫార్టినెట్ ఛాంపియన్‌షిప్ గెలిచాడు. అమెరికా పీజీఏ టూర్‌లో అతనికది మొదటి విజయం. 'మన పిల్లోడంట' అని గుత్తి అరుగు మీద కూడా ఒకపూట చర్చ జరిగింది. సంపన్నుల ఆట అనుకున్నదానిలో మన ఇంటిపేరు వినపడితే ఆ మాత్రం సంబరం ఉంటుంది మరి.

అయినా ఒక విషయం మాత్రం ఆయనకు మింగుడు పడలేదు. 'దీనికి ఎన్ని నీళ్లు పెడతారు రా?' అని అడిగారు ఒకరోజు.

పొడి ప్రాంతాల్లో ఒక గోల్ఫ్ మైదానం వేసవిలో రోజుకు లక్షల లీటర్లు తాగేస్తుంది. ఆష్‌విల్‌లో అంత అక్కర్లేదు. అక్కడ ఏటా వెయ్యి మిల్లీమీటర్లకు పైనే వాన. 'చాలావరకు పైనుంచి పడేదే నాయనా' అన్నాడు కొడుకు.

ఆయన వంగి పచ్చికను అరచేత్తో నిమిరారు. చెల్లెలి మగడు నాలుగెకరాలకు తడి కోసం వేయించిన బోర్లు ఆయనకు గుర్తొచ్చి ఉంటాయి. రెండు ఎండిపోయాయి. మూడోదాంట్లో దుమ్ము తప్ప ఏమీ రాలేదు. ఆ అప్పు ఇంకా తీరలేదు. 'వాన ఇంత సులువుగా పడతాదా' అని మాత్రం అన్నారు.

వాన ముంచిన ఊరు

ఆ వానే 2024 సెప్టెంబరు చివర్లో తన రెండో ముఖం చూపించింది. హెలీన్ తుపాను ఇంకా రాకముందే రెండు రోజులు కుండపోత. తడిసి ముద్దయిన కొండల మీద 27వ తేదీ శుక్రవారం తుపాను విరుచుకుపడింది. ఆ ప్రాంతంలో తరతరాలుగా చెప్పుకునే వరద 1916 నాటిది. స్వానొవా నది ఆ రికార్డునూ దాటేసింది. ఇళ్లు, వంతెనలు, దుకాణాలు కొట్టుకుపోయాయి. ఎందరో చనిపోయారు. నది పక్కన పచ్చగా పరుచుకున్న గోల్ఫ్ మైదానపు ముందు తొమ్మిది గుంతలూ నీళ్ల కిందికి వెళ్లాయి. నీరు తీశాక అక్కడ మిగిలింది బురద, చెత్త, విరిగిన చెట్లు.

కొడుకు ఇల్లు కొండ వాలు మీద ఉండటంతో మునగలేదు. కానీ కరెంటు పోయింది. ఫోన్లు మూగబోయాయి. కుళాయి తిప్పితే గాలి వచ్చింది.

ఆష్‌విల్‌కు నీళ్లు ఇచ్చేది ప్రధానంగా నార్త్ ఫోర్క్ జలాశయం. అక్కడి నుంచి వచ్చే పెద్ద గొట్టాలను వరద తవ్వి పారేసింది. జలాశయంలో నీళ్లున్నాయి, కానీ బురదగా మారాయి. గొట్టాలు మళ్లీ వేసి, బురద తేరి, కుళాయి నీళ్లు తాగొచ్చని నవంబరు 18న ప్రకటించేసరికి 53 రోజులు గడిచాయి. వానకు కొదవలేని ఊరు, వాన వల్లే తాగునీళ్లు లేకుండా యాభై రోజులకు పైగా ఉంది.

మొదటి రోజు కోడలు ఏడ్చింది. ఇంట్లో ఉన్నది ఒక డజను సీసాల నీళ్లు. చిన్నపిల్ల. ఏం చెయ్యాలో కొడుక్కూ తోచలేదు. అప్పుడు ఆయన కిటికీ దగ్గర కుర్చీలోంచి లేచారు.

హాల్లో ఒక మూల స్టీలు బిందె ఉండేది. మనవరాలు పుట్టినప్పుడు పురిటికి వచ్చిన తల్లి, 'బిందె లేని ఇల్లేంటి' అని విమానంలో మోసుకొచ్చింది. ఆమె తిరిగి వెళ్లాక దాంట్లో గొడుగులు పెట్టారు. ఆమె పోయాక గోల్ఫ్ బంతులు వేశారు. ఆయన బంతులన్నీ నేల మీద గుమ్మరించి, బిందెను తుడిచి, కొడుకు చేతికిచ్చారు. 'పా, నీళ్లు యాడ ఇస్తారో చూద్దాం.'

ఆ తర్వాత ఇల్లు ఆయన చేతిలోకి వెళ్లింది. ట్యాంకరు దగ్గర నీళ్లు ఎప్పుడు ఇస్తారో కనుక్కుని వరసలో ముందు నిలబడేవారు. తెచ్చినదాన్ని మూడు వాటాలు చేసేవారు. తాగడానికి, వంటకు, ఒంటికి. బియ్యం కడిగిన నీళ్లు గిన్నెలు తోమడానికి. గిన్నెలు కడిగినవి బాత్రూముకు. పక్కనున్న వాగు నీళ్లు బకెట్లలో ఒక పూట కదపకుండా ఉంచితే మట్టి అడుగుకు చేరేది. పై నీళ్లు మరుగుదొడ్డికి మాత్రమే వాడనిచ్చేవారు. స్నానానికి మనిషికి అర బకెట్టు. అంతలో తలస్నానం కూడా ఎలా చెయ్యాలో కోడలికి చెప్పడానికి మొహమాటపడి, మనవరాలికి చెప్పి, ఆమె చేత చెప్పించారు.

నీళ్లు కాచి చల్లార్చే విషయంలో మాత్రం ఆయన ఎవరి మాటా వినలేదు. 'మన్రో దొర అంతటోడే పాయె' అనేవారు. రాయలసీమకు మొదటి ప్రధాన కలెక్టరుగా 1800 నుంచి 1807 దాకా పనిచేసి, తర్వాత మద్రాసు గవర్నరైన సర్ థామస్ మన్రో 1827 జులై 6న పత్తికొండలో కలరాతో చనిపోయాడు. ఆయన్ని మొదట పాతిపెట్టింది గుత్తిలోనే. 1831లో అవశేషాలను మద్రాసు కోటకు తీసుకెళ్లారు. గుత్తిలో పెరిగే పిల్లలకు ఆ కథ అన్నంతో పాటు దొరుకుతుంది. కలరాకు నీళ్లే దారి అని ఇప్పుడు అందరికీ తెలుసు.

పక్కింట్లో ఎనభై దాటిన అమెరికన్ ముసలావిడ ఒక్కతే ఉండేది. రెండో రోజు నుంచీ ఆమె గుమ్మం ముందు ఒక బకెట్టు నీళ్లు కనిపించేవి. పెట్టింది ఎవరో ఆమె మూడో రోజు కాపు కాసి పట్టుకుంది. చెయ్యి పట్టుకుని చాలాసేపు ఏదో మాట్లాడింది. ఆయనకు ఒక్క ముక్క అర్థం కాలేదు. 'సరే తల్లీ, సరే తల్లీ' అన్నారు.

నీళ్లుండే ఊళ్లో పుట్టినవాళ్లకు నీళ్లు పోవడం ప్రళయం. కరువు నేలలో పుట్టినవాళ్లకు అది తెలిసిన పనే. అంతే తేడా.

గుట్ట చెప్పే లెక్క

డిసెంబరులో ఆయన తిరిగి వచ్చేశారు. సంక్రాంతికి కొడుకు కుటుంబం గుత్తికి వచ్చింది. పండగ మరునాడు నలుగురూ పొద్దున ఆరింటికే కొండ ఎక్కారు. మనవరాలు ముందు, తాత వెనక. దారిలో బండ తొలిచిన దొనలు, రాతి బావులు కనిపించిన చోటల్లా ఆయన ఆగి చూపించారు. వాన చుక్క ఎక్కడ పడితే ఎటు పారుతుందో లెక్కగట్టి కట్టినవి అవి. డోనాల్డ్ రాస్ బంతి దొర్లడానికి వాలు చూసుకున్నట్టే, ఆ కోట కట్టినవాళ్లు చుక్క దొర్లడానికి వాలు చూసుకున్నారు.

ఆ లెక్క కూడా ఒకసారి తప్పింది. 1776లో హైదర్ అలీ కోటను ముట్టడించినప్పుడు గోడలు నిలిచాయి. నీళ్లు నిలవలేదు. కోటలో తాగునీరు అయిపోవడంతోనే మురారిరావు లొంగిపోయాడు. ఫిరంగులకు లొంగనివాణ్ని ఖాళీ కుండ లొంగదీసింది. శ్రీరంగపట్నానికి బందీగా వెళ్లినవాడు మళ్లీ తన గద్దె మీద కూర్చోలేదు.

పైన మంటపం దగ్గర కూర్చున్నప్పుడు కొడుకు పాత ప్రశ్న మళ్లీ అడిగాడు. ఈసారి మాట మార్చి అడిగాడు. 'ఆడ నీకు ఏం తక్కువ నాయనా?'

'ఏమీ తక్కువ లేదప్పా. ఆడ అన్నీ ఉన్నాయి. అందుకే నాకు పని లేదు' అన్నారాయన. కాసేపాగి, 'ఆ యాభై దినాలు పని ఉండె' అని నవ్వారు.

కొడుకు ఇంకేమీ అనలేదు. అమెరికాలో నాయన పోగొట్టుకున్నది ఊరు ఒక్కటే అనుకున్నాడు ఇన్నాళ్లూ. చెయ్యడానికి పని, చెప్పడానికి మాట, అడిగే మనిషి లేకపోవడమే అసలు లోటని అప్పటికి తెలిసింది. విదేశాల్లో ఉన్న మన పిల్లలు తల్లిదండ్రులకు మెత్తటి మంచం, వేడినీళ్లు, మంచి డాక్టరును చూపిస్తారు. వాళ్ల చేతికి ఒక పని ఇవ్వడం మరిచిపోతారు. ప్రేమ లేక కాదు. పని పెడితే కష్టపెట్టినట్టవుతుందని భయం.

తండ్రీకొడుకుల మధ్య ఒప్పందం కొండ దిగేలోపు కుదిరింది. ఏటా వేసవి నెలలు అక్కడ, మిగతా కాలం ఇక్కడ. అక్కడున్నన్నాళ్లు ఇంటి వెనక నాలుగు మళ్ల కూరగాయల తోట ఆయన పూచీ. మనవరాలికి తెలుగు అక్షరాలు కూడా. శనివారం గోల్ఫ్‌లో బంతులు వెదికే ఉద్యోగం ఎటూ ఉండనే ఉంది.

కోడలు అడగకుండానే ఇంకో మార్పు చేసింది. ఆష్‌విల్ ఇంట్లో గొడుగులకు వేరే చోటు చూసింది. గోల్ఫ్ బంతులు ఒక అట్టపెట్టెలోకి వెళ్లాయి. ఇప్పుడు సంచీ పక్కన అత్తగారి బిందె నిండుగా, మూతపెట్టి ఉంటుంది. ఆదివారం ఆ నీళ్లు మొక్కలకు పోసి, కొత్తవి పడుతుంది. కుళాయి బాగానే పనిచేస్తోంది కదా అని ఎవరైనా అడిగితే, 'మా మామగారిది గుత్తి' అంటుంది.